నీరు చూసే మనిషి

మా అమ్మ గోపాల్‌పూర్ బజారులో చేపలు అమ్ముతుంది. నీ కూతురు బరంపురంలో ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే, కత్తిపీట మీంచి తల ఎత్తకుండానే "మాటల్ని ముక్కలు కోస్తాది" అని చెప్పేది. మొదట్లో నాకు ఒళ్లు మండేది. డిగ్రీ చదివి, రోజూ బస్సెక్కి బరంపురం వెళ్లి, కంప్యూటరు ముందు కూర్చునేదాన్ని తీసుకొచ్చి చేపల పీట దగ్గర కూర్చోబెట్టిందేమిటని. ఇప్పుడు ఎవరైనా అడిగితే నేనూ ఆ మాటే చెబుతున్నాను. అంతకంటే సరైన మాట నాకు దొరకలేదు.

మా ఆఫీసు ఒక పట్టుచీరల దుకాణం పైన అద్దెకు తీసుకున్న రెండు గదులు. ఫోనులో మన భాషలో అడిగితే మన భాషలోనే జవాబు చెప్పే యంత్రం ఒకటి ఎక్కడో తయారవుతోంది. దానికి నేర్పడానికి కావలసిన సంగతుల్ని పోగుచేయడం మా పని. రైతు చెప్పింది, చేపలవాడు చెప్పింది, మంత్రసాని చెప్పింది రికార్డు చేసుకుని రావాలి. విని, రాసి, ముక్కలు చెయ్యాలి. ఆఫీసులో వాటిని యూనిట్లు అనేవారు. నా నోటికి ముక్కే అలవాటు.

ముక్క కోయడానికి పద్ధతి ఉంది. ఒక ముక్కలో ఒక్కటే సంగతి ఉండాలి. దాని ముందున్నది చదవకపోయినా, వెనకున్నది చదవకపోయినా అర్థం కావాలి. అందుకని "ఇది", "అక్కడ", "నిన్న చెప్పానే" లాంటి మాటలు పనికిరావు. చెప్పిన మనిషి అందులో కనిపించకూడదు. అలా కోస్తే ఒకే ముక్క పది చోట్ల పనికొస్తుంది. చేపలవాడు అడిగినా, బడిపిల్ల అడిగినా, సముద్రస్నానానికి వచ్చిన యాత్రికుడు అడిగినా యంత్రం అదే ముక్కను అందుకుని జవాబు చెబుతుంది. ఈ పద్ధతి నాకు మొదటి వారంలోనే పట్టుబడింది. మా అమ్మ కూతుర్ని కదా, ఎక్కడ కత్తి వెయ్యాలో చెయ్యికే తెలుసు అనుకున్నాను. ఆ గర్వం తరవాత చాలా కాలం నన్ను బాధపెట్టింది.

మాది సముద్రం ఒడ్డున జాలరిపేట. ఎన్ని తరాల కిందట ఆంధ్ర తీరం నుంచి ఈ ఒడిశా ఒడ్డుకు వచ్చామో మా వాళ్లకే తెలీదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నేను తెలుగు అక్షరాలు నేర్చుకుంది కూడా బరంపురంలో ఒక తెలుగు బడిలో, అదీ అమ్మ పట్టుబట్టి రెండేళ్లు పంపితే. ఆ రెండేళ్ల చదువే నాకు ఈ ఉద్యోగం ఇప్పించింది. సముద్రం గురించి తెలుగులో చెప్పేవాళ్లు కావాలని ఆఫీసులో అన్నప్పుడు నేను వెతుక్కోనక్కర్లేకపోయింది. మా నాన్న ఇంట్లోనే ఉన్నాడు.

ఆ వేసవంతా నేను తెల్లవారకముందే లేచి ఆయన వెనక ఒడ్డుకు వెళ్లేదాన్ని. ఆయన ఇసుకలో నిలబడి గాలి చూసేవాడు. చూసేవాడంటే ఏమీ లేదు, చొక్కా విప్పి, కళ్లు మూసుకుని, మొహం అటూ ఇటూ తిప్పేవాడు. నేను ఫోను ఆయన నోటి దగ్గర పెట్టేదాన్ని.

"నీ దిక్కుమాలిన ఫోను తియ్యే అమ్మీ, గాలికి అడ్డమొచ్చేస్తంది" అనేవాడు.

"ఆఫీసుకి కావాలి నాన్నా. నువ్వు చెప్పు, నేను రాసుకుంటాను."

"రాసీసుకుని ఏటి సేస్తావు? సముద్రం రేపు ఇంకోలా ఉంటాది."

అలా అంటూనే చెప్పేవాడు. ఆయనకు చెప్పడం ఇష్టం. నలభై ఏళ్లు సముద్రం మీద గడిపిన మనిషి మాటను కూతురు భక్తిగా పట్టుకోవడం కూడా ఇష్టమే అనుకుంటాను. పైకి మాత్రం విసుక్కునేవాడు. ఆ విసుగు నాకూ వచ్చింది, ఇంకేమీ రాకపోయినా.

మా పేటలో ఒక ఆచారం ఉంది. బోటు దించాలా వద్దా అన్నది ఒక్క మనిషి చెప్పకూడదు. గాలి చూసేది బోటు గలవాడు. నీరు చూసేది వేరే ఇంటి మనిషి. ఆ రోజు ఆ బోటులో వాటా లేనివాడే చూడాలి. ఎందుకంటే మా వాళ్లు చెప్పే కారణం ఒక్కటే, "పొయ్యి ఎలగనోడి కంటికి ఏ నీరైనా తేటగానే కనబడతాది." ఆకలి మీదున్నవాడు తన ఆశను చూస్తాడు గానీ సముద్రాన్ని చూడడు. అందుకని నీటి మాట పక్కింటివాడిది. అయితే అతనూ అడగకుండా చెప్పకూడదు. వెళ్లే బోటుకు అడగని మాట చెబితే అది శాపమవుతుందని మా నమ్మకం.

మా బోటుకు నీరు చూసేది మా మేనమామ. అమ్మకు అన్న. నాన్న కంటే పెద్దవాడు, ఆ సరికే సముద్రం మానేసి ఒడ్డున వలలు బాగుచేస్తూ ఉండేవాడు. మాట బహు పొదుపు. పెళ్లిలో కూడా పిల్లకు ఆశీర్వచనం బదులు తల ఊపి వచ్చేస్తాడని అమ్మ వేళాకోళం చేస్తుంది. నాన్న గాలి చూసి తన మాట చెప్పి, చివర్న "ఏటంటావు బావా?" అనేవాడు. మావ లేచి మోకాలి లోతు నీళ్లలోకి వెళ్లి, మాకు వీపు పెట్టి నిలబడేవాడు. కెరటం వచ్చి వెనక్కి వెళ్లేటప్పుడు మడాల కింద ఇసుక ఎటు జారుతోందో, ఎంత జోరుగా జారుతోందో చూసేవాడు. మూడు కెరటాలు పోనిచ్చి అప్పుడు చెప్పేవాడు. ఎల్లు అనో, ఎండెక్కనీ అనో, ఒద్దు అనో. వద్దంటే నాన్న ఎదురు మాట్లాడేవాడు కాదు. ఇంట్లో బియ్యం లేని రోజున కూడా ఎదురు మాట్లాడగా నేను చూడలేదు.

ఇదంతా నాకు ఊపిరి పీల్చినంత మామూలు. పేటలో పుట్టిన ఎవరినడిగినా ఇంతే. ఎవరూ దీన్ని ఒకరికొకరు చెప్పుకోరు, ఎందుకంటే తెలియనివాడు లేడు. నా తప్పు అక్కడే ఉంది.

ఆఫీసులో చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రికార్డింగులు విన్నాను. నాన్న గొంతు. ఒక రోజు ఇలా అన్నాడు: "తెల్లారగట్ల దక్షిణపు గాలి మెత్తగా తిరిగి మొకానికి సల్లగా తగిలితే బోటు దింపొచ్చు. ఏటంటావు బావా?" ఆ తరవాత చాలాసేపు ఖాళీ, కెరటాల రొద. ఆ తరవాత దూరం నుంచి మావ గొంతు, సగం వినపడీ వినపడక. నేను దాన్ని ఇలా ముక్క చేశాను: "తెల్లవారుజామున దక్షిణపు గాలి మెత్తగా, చల్లగా వీస్తుంటే బోటును సముద్రంలోకి దించవచ్చు." ప్రశ్న తీసేశాను, అది సంగతి కాదు గనక. ఖాళీ తీసేశాను, అందులో మాట లేదు గనక. మావ గొంతు తీసేశాను, ఒక ముక్కకు ఒకే మనిషి ఉండాలి గనక, పైగా అది సరిగా వినపడలేదు గనక.

మా మీద అధికారి ఒక ఒడియా ఆవిడ. నాకంటే పదేళ్లు పెద్ద. మేమంతా ఆవిడను అపా అని పిలిచేవాళ్లం, అక్క అన్నట్టు. ఆవిడకు తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే బరంపురం తెలుగు. ఆ ముక్కను అందరికీ చూపించి, "ఇలా కొయ్యాలి చూడండి, ఒక్క మాట ఎక్కువ లేదు" అంది. ఆ సాయంత్రం బస్సులో నాకు కూర్చోడానికి చోటు దొరకకపోయినా ఏమీ అనిపించలేదు. ఇంటికెళ్లి నాన్నకు చెబితే, "నా మాటకి మార్కులిచ్చినారేటి?" అని నవ్వాడు. అలాంటి ముక్కలు ఆ వేసవిలో బోలెడన్ని చేశాను. అన్నీ ఆయనవే. ఒక్కదాని చివరా ప్రశ్న లేదు.

వర్షాలు మొదలయ్యాక నాన్నకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. అది ఊపిరితిత్తులకు పట్టి వారం తిరక్కుండా ఆయన్ని తీసుకుపోయింది. నాకు ఆ రోజుల గురించి రాయాలని లేదు. ఒక్కటి మాత్రం రాస్తాను. పదకొండో రోజు అయ్యాక ఆఫీసుకెళ్లి, ఎవరూ చూడకుండా ఆయన రికార్డింగులు విన్నాను. "దిక్కుమాలిన ఫోను" అన్న చోట ఆపేశాను. ఆ ఒక్క మాటా ఏ ముక్కలోనూ లేదు. అది ఎవరికీ పనికిరాని మాట గదా అని ఏడుపొచ్చింది.

బోటు మా తమ్ముడికి వచ్చింది. అప్పటికి వాడికి ఇరవై నాలుగేళ్లు. నాన్న ఉన్నన్నాళ్లూ తాడు పట్టమంటే పట్టడం, ఇంజిను నడపమంటే నడపడం తప్ప ఒడ్డున నిలబడి నిర్ణయం చెప్పినవాడు కాదు. ఆ చలికాలం యంత్రాన్ని మా పేటలోనే పరీక్షకు పెట్టారు. మా ఆఫీసే అడిగింది, నేనే తమ్ముడి ఫోనులో పెట్టి ఇచ్చాను. వాడు మొదటిసారి గాలి గురించి అడిగి జవాబు విని, ఫోను చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. గొంతు ఎవరో ఆడమనిషిది. మాట మాత్రం నాన్నది.

"అక్కా, ఇది నాన్న కాదేటి?" అన్నాడు.

"అవునురా, నాన్నే. నేనే పెట్టాను" అన్నాను. నా గొంతులో ఎంత గొప్ప ఉందో నాకు ఇప్పటికీ గుర్తుంది. చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. ఆ కాలంలో సముద్రం నెమ్మదిగా ఉంటుంది, ఏం చేసినా చెల్లుతుంది. ఎండలు ముదిరి దక్షిణపు గాలి పట్టిన ఒక తెల్లవారుజామున తమ్ముడు ఫోనును అడిగాడు. గాలి మెత్తగా ఉంది, చల్లగా ఉంది. దించవచ్చు అంది ఫోను. వాడూ ఇంకో ఇద్దరూ బోటు దించారు. రెండో కెరటాల వరుస దగ్గర బోటు పక్కకు తిరిగిపోయి బోర్లా పడింది. ఇద్దరు ఈదుకుని వచ్చేశారు. తమ్ముడి కాలికి తాడు చుట్టుకుని బోటు కింద ఉండిపోయాడు. ఒడ్డు దగ్గరే ఉన్న మావ ఆ వయసులో ఈదుకుంటూ వెళ్లి, కత్తితో తాడు కోసి, వాణ్ని జుట్టు పట్టుకుని లాక్కొచ్చాడు.

అమ్మ బజారు నుంచి, నేను బస్టాండు నుంచి పరిగెత్తాం. బరంపురం పెద్దాసుపత్రిలో వాడి తొడకు ఇనుప కడ్డీ వేశారు. ప్రాణానికి ఫరవాలేదన్నారు. సముద్రం మీదికి మళ్లీ వెళ్లగలడా అంటే డాక్టరు భుజాలు ఎగరేశాడు. మత్తు దిగాక వాణ్ని అడిగాను, నీరు ఎవరు చూశారురా అని. వాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"నాన్న అడిగీవోడు, మావ సెప్పీవోడు. ఫోను ఏటీ అడగనేదు కదక్కా. అడగనేదంటే నీరు సూసీసినారు కావాల అనుకున్నాను."

పక్క మంచం మీది ముసలాయన మంచినీళ్లు అడిగితే లేచి వెళ్లి ఇచ్చాను. ఇచ్చి వరండాలోకి వెళ్లి గోడకు ఆనుకుని కూర్చున్నాను. తప్పు నాదని ఒప్పుకోడానికి ధైర్యం చాలక ఇంకో మనిషి మీదికి మళ్లింది నా కోపం. నాకు కోపం ఎప్పుడూ అలాగే వస్తుంది, దారి తప్పి.

ఆ సాయంత్రమే పేటకు వెళ్లాను. మావ వల ముందర కూర్చుని ఉన్నాడు, చేతులు ఆడడం లేదు.

"నువ్వు ఒడ్డునే ఉన్నావు కదా. నీరు చూశావు కదా. వద్దని ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను. నలుగురూ పోగయ్యారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని లాగింది. నేను విదిలించుకున్నాను.

మావ వలను పక్కకు జరిపాడు. ఆ తరవాత అన్నాడు.

"నీళ్లలోకెల్లి నిలబడ్డాను అమ్మీ. ఆడు బోటు తోస్తంటే ఆడికి ఎదురుగానే నిలబడ్డాను. నడుం లోతు దాకా ఎల్లేను. అడుగు నీరు ఉత్తరానికి ఈడ్సీస్తంది. అడుగుతాడు అడుగుతాడని సూసినాను. నా పక్క నుంచే బోటు ఎల్లిపోనాది."

"నోరు లేదా నీకు?"

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడక్కుండా నీటిమాట సెప్తే..." అని ఆగిపోయాడు. "మీ నాన్న పోయిన కాడి నుంచి నన్నెవులూ అడగనేదు. సెలికాలం అంతా రోజూ ఎల్లి నిలబడ్డాను."

ఆయన చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు. మావ ఏడవగా నేను నాన్న పోయిన రోజున కూడా చూడలేదు. ఆయన కాళ్ల దగ్గర ఇసుకలో కూర్చున్నాను. సారీ అనే మాట మా ఇళ్లలో వాడం. అమ్మ టీ తెచ్చి ఇద్దరికీ చెరో గ్లాసూ ఇచ్చి వెళ్లిపోయింది.

ఇంకో సంగతి నన్ను కూర్చోనివ్వలేదు. పరీక్ష బాగా జరిగిందని, నెల తిరిగేసరికి యంత్రాన్ని ఈ తీరం పొడుగునా ఉన్న పేటలన్నిటికీ ఇస్తామని ఆఫీసులో అప్పటికే చెప్పారు. మా నాన్న మాట ప్రతి ఒడ్డునా వినిపిస్తుంది. ప్రశ్న లేకుండా, అడిగే మనిషి లేకుండా వినిపిస్తుంది. తమ్ముడికి మావ ఉన్నాడు, జుట్టు పట్టుకుని లాగాడు. అన్ని ఒడ్లమీదా మావ ఉండడు.

మర్నాడు ఆఫీసుకెళ్లి అపా ముందు నిలబడి, మా నాన్న ముక్కలన్నీ తీసెయ్యమన్నాను. ఒక్కటి కూడా వద్దన్నాను. ఆవిడకు మా తమ్ముడి సంగతి అప్పటికే తెలుసు. కుర్చీ చూపించింది. నేను కూర్చోలేదు.

"తీసేస్తే మీ నాన్నగారి మాట ఇంక ఎక్కడా ఉండదు. ఆలోచించుకున్నావా?" అంది.

"ఉండి మనుషుల్ని చంపడం కంటే లేకపోవడం నయం" అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. "హఉ" అంది, సరే అన్నట్టు. "తీసేముందు అసలు రికార్డింగు ఒకసారి వినిపించు. నువ్వు రాసిందే చదివాను గానీ నేనెప్పుడూ వినలేదు" అంది.

దక్షిణపు గాలి ముక్క తాలూకు రికార్డింగు పెట్టాను. నాన్న మాట్లాడాడు. ఏటంటావు బావా అన్నాడు. ఆ తరవాత ఖాళీ. అపా వేచి చూసింది. ఇంకా ఖాళీయే. కెరటం వచ్చి వెళ్లిన చప్పుడు, మళ్లీ వచ్చి వెళ్లిన చప్పుడు.

"ఈ ఖాళీ ఏమిటి? ఎవరూ మాట్లాడడం లేదేం?" అని అడిగింది.

"మా మావ నీళ్లలో నిలబడి ఉన్నాడు" అన్నాను. అన్నాక ఇంక నా వల్ల కాలేదు. ఆఫీసులో పదిమంది చూస్తుండగా బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. మూడో కెరటం తరవాత మావ గొంతు వచ్చింది, దూరం నుంచి. ఈసారి ఇద్దరం చెవి పెట్టి విన్నాం. "నీరు ఒప్పుకోడం నేదు బావా. ఎండెక్కనీ" అంటున్నాడు. నాన్న "సరే" అన్నాడు. ఆ రోజు బోటు దించలేదు. దించవచ్చు అని నేను రాసిన ఆ మేలిరకం ముక్క, బోటు దించని రోజున నాన్న చెప్పిన మాటలోంచి కోసింది.

అపా లేచి తలుపు వేసి వచ్చింది. ఆచారం మొత్తం చెప్పించుకుంది. గాలి ఎవరిది, నీరు ఎవరిది, వాటా లేనివాడే ఎందుకు, అడక్కపోతే ఎందుకు చెప్పరు, అన్నీ చిన్నపిల్లలా అడిగింది. ఆ ప్రశ్నల్లో ఒక్కటైనా నేను ఆ వేసవిలో మా నాన్నను అడిగి ఉండేదాన్ని, నేను బయటిదాన్నయితే. తెలిసినదాన్ని గనక అడగలేదు. తెలిసినవాళ్లకు ఏది చెప్పాలో తెలీదని అప్పుడు అర్థమైంది.

ముక్కలు తీసెయ్యకుండా నాన్న ప్రశ్నను తిరిగి పెడదామని అనుకున్నాం గానీ అది అంత తేలిక కాలేదు. ప్రశ్నతో ముగిసే ముక్క పద్ధతికి ఒప్పదు. ఇంకొకరి జవాబు మీద ఆధారపడే ముక్క దానంతట అది నిలబడదు, నిలబడనిది ముక్కే కాదన్నారు పైవాళ్లు. అపా వాళ్లతో ఫోనులో చాలాసార్లు మాట్లాడింది. ఒకసారి గొంతు పెంచింది కూడా, ఆవిడ గొంతు పెంచడం మేమెవరం అంతకుముందు వినలేదు. చివరికి ఒక దారి దొరికింది. నీటి మాటను వేరే ముక్కగా రాయాలి. గాలి మాట చెప్పే ప్రతి ముక్కకూ దాన్ని ముడి వెయ్యాలి. అది లేకుండా ఇది ఒంటరిగా బయటికి పోకూడదు. యంత్రాన్ని పేటలన్నిటికీ ఇచ్చే తేదీని కూడా ఆవిడే వెనక్కి జరిపించింది. అప్పటిదాకా నాన్న ముక్కలేవీ ఎవరికీ వినిపించకుండా ఆపేశారు.

నేను మళ్లీ మొదటి రికార్డింగు నుంచి మొదలుపెట్టాను. ఒక్కొక్కటీ చివరిదాకా విన్నాను, ఖాళీతో సహా. మావను పక్కన కూర్చోబెట్టుకుని నాకు వినపడనివి ఆయన్నే అడిగాను. మొదటి రోజు నాన్న గొంతు ఫోనులోంచి "ఏటంటావు బావా?" అనగానే మావ ఉలిక్కిపడి సముద్రం వైపు చూశాడు. ఆ తరవాత నెమ్మదిగా, ప్రతిదానికీ ఆ రోజు తను ఏం చెప్పాడో చెప్పాడు. ఎలా గుర్తున్నాయో నాకు తెలీదు. వద్దన్న రోజులన్నీ ఆయనకు గుర్తున్నాయి. వెళ్లమన్న రోజులే కొన్ని మరిచిపోయాడు. అమ్మ పక్కన కూర్చుని వింటూ, "ముక్క కోసినప్పుడు ముల్లు ఏ ముక్కలో ఉండిపోనాదో కోసినోళ్లే సెప్పాల. తినీవోడికెలగ తెలుస్తాది?" అంది. తిట్టిందో, ఊరికే అందో నాకు తెలీలేదు. నేను తిట్టుగానే తీసుకున్నాను.

తమ్ముడు ఏడాది దాకా సరిగా నడవలేదు. కుంటు అలాగే ఉండిపోయింది. సముద్రం మీదికి వెళ్లడు, వద్దు అని అమ్మ చాలాకాలం వాడి బదులు అందరికీ చెప్పేది. వాడు ఇంటి ముందు కూర్చుని ఫోను చూసుకునేవాడు, నాతో సరిగా మాట్లాడేవాడు కాదు. నామీద కోపం కాదని తరవాత చెప్పాడు. నాన్న మాట విన్నందుకు కాలు పోయిందని అనుకోవడం వాడికి కాలు పోవడం కంటే కష్టంగా ఉందట. నేను ఆ రికార్డింగు వినిపించాను. నాన్న అడగడం, మావ ఎండెక్కనీ అనడం, నాన్న సరే అనడం. వాడు రెండుసార్లు విన్నాడు. "నాన్న తప్పు సెప్పనేదన్నమాట" అన్నాడు. "లేదురా, నేనే సగం చెప్పాను" అన్నాను. ఆ మాట వాడి మొహం చూస్తూ అనడానికి నాకు అన్నాళ్లు పట్టింది.

ఆ మరుసటి ఏడు మళ్లీ దక్షిణపు గాలి పట్టిన రోజుల్లో, ఒక తెల్లవారుజామున వాడు బోటు దగ్గరికి వెళ్లాడు. నాకూ అమ్మకూ చెప్పలేదు. ఇంట్లో లేడని చూసుకుని నేను ఒడ్డుకు పరిగెత్తాను. బోటుకు చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. వాడితో వెళ్లే ఇద్దరూ తాళ్లు సర్దుతున్నారు. కొంచెం దూరంలో మావ మోకాలి లోతు నీళ్లలో, మాకు వీపు పెట్టి, ఎప్పటిలాగే నిలబడి ఉన్నాడు. వద్దురా అందామని నోటిదాకా వచ్చింది. అడగని మాట గనక ఆపుకున్నాను. నేనూ ఈ పేటదాన్నే.

తమ్ముడు ఫోనును అడిగాడు. ఆ ఆడమనిషి గొంతు గాలి సంగతి చెప్పింది. దక్షిణపు గాలి మెత్తగా, చల్లగా వీస్తోంది గనక గాలి అనుకూలమే అంది. అంతటితో ఆగలేదు. "ఇది గాలి మాట మాత్రమే. నీరు ఇంకా చూడలేదు. మీ బోటులో వాటా లేని మనిషిని అడగండి. ఆయన ఏమంటారు?" అని ఊరుకుంది.

తమ్ముడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. కుంటుకుంటూ నీళ్ల అంచుదాకా నడిచాడు.

"ఏటంటావు మావా?" అన్నాడు.

మావ వీపు కదిలింది. తిరిగి చూడలేదు. ఒక కెరటం వచ్చి వెళ్లింది. ఇంకొకటి వచ్చి వెళ్లింది. నేను మూడోదాన్ని లెక్కపెట్టాను.

"ఇయ్యాల ఒద్దురా" అన్నాడు మావ.

తమ్ముడు మారుమాట్లాడలేదు. తలాడించి బోటు వైపు తిరిగాడు. మావ నీళ్లలోంచి బయటికి వచ్చి వాడి పక్కన నిలబడ్డాడు.

"ఆ యేల అడిగుంటే ఇదే సెప్పీవోణ్ని."

"ఇయ్యాల అడిగినాను కదా మావా" అన్నాడు తమ్ముడు.

అందరం కలిసి బోటును ఇసుకమీదికి, పైకి లాగాం.